తాళం ఎవరు వెయ్యమన్నారు

"ఆ వైరు కూడా పీకండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కానిస్టేబుల్ బల్ల కిందికి దూరి వైరు పీకాడు. మా పత్రికకి మిగిలిన ఆఖరి కంప్యూటరు తెర నల్లబడింది. అప్పటికే గోనెసంచుల్లోకి వెళ్ళిపోయినవి వెళ్ళిపోయాయి. ఫోన్లు, రికార్డర్లు, కెమెరా, చివరికి కరెంటు పోతే వాడుకునే బ్యాటరీ కూడా.

"ఏ నేరం కింద తీసుకుపోతున్నారో చెప్పండి" అన్నారు మాస్టారు, కిటికీ దగ్గర చేతులు కట్టుకుని.

"పరువునష్టం. శాంతిభద్రతలు. ఇంకోటేదో కూడా ఉంది. కాగితం స్టేషన్లో ఉంది."

"మేం ఇంకా ప్రచురించలేదు. పరువెలా నష్టమైంది?"

"ప్రచురిస్తే అవుతుంది కదా మాస్టారూ. ముందు జాగ్రత్త."

సంచులు మెట్లు దిగిపోయాయి. కింద టైర్ల దుకాణంలో ఎవరో గాలి కొడుతున్నారు. పోలీసుల్ని చూసి ఆ చప్పుడు ఆగింది. జీపు కదిలాక మళ్ళీ మొదలైంది.

మాది అంతర్జాల పత్రిక. యజమాని లేడు, ప్రకటనలు లేవు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పి, సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకున్న మాస్టారు సంపాదకుడు. సైటు నడిపేది వైరక్క. ఎప్పుడు చూసినా మెళ్ళో ఏదో ఒక వైరు వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. ఊరంతా తిరిగి రాసేది నేను. నెలకి ఒకే కథనం వేస్తాం, అదీ చాంతాడంత. "మీది చదవడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి" అని స్నేహితులు ఏడిపిస్తారు. అన్యాయం మెల్లగా, ఏళ్ళ తరబడి కట్టుకున్న గోడ లాంటిది, దాన్ని రెండు ముక్కల్లో చెబితే ఇటుకలెవరు పేర్చారో దాచినట్టే అంటారు మాస్టారు.

ఆ రోజు వెయ్యాల్సింది బూట్ల ఫ్యాక్టరీ కథనం. జిగురు గదిలో ముందు తలుపు దగ్గర మంటలు లేచి ఏడుగురు పోయారు. ఆరుగురు ఆడవాళ్ళు, ఒక సూపర్‌వైజర్. గదికి వెనక తలుపు ఉంది. దానికి బయటినుంచి తాళం వేసి ఉంది. తాళం వేసింది వాచ్‌మన్. అందులో ఎవరికీ అనుమానం లేదు. వెయ్యమన్నది ఎవరు? లాకప్పులో ఉన్న వాచ్‌మన్ మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు. నా అంతట నేనే వేశాను.

మధ్యాహ్నం విచారణాధికారి ఫ్యాక్టరీకి వస్తాడు. వాచ్‌మన్ ఆ మాట ఆయన ముందు ఇంకొక్కసారి అంటే ఫైలు మూసేస్తారు. ఏడు ప్రాణాలు ఒక్క జీతగాడి నెత్తిన పడతాయి. అతను జైల్లోనే ముసలాడైపోతాడు. అంతకంటే ముందు మా కథనం జనంలోకి వెళ్ళాలి. వెళ్తే ఫైలు అంత తేలిగ్గా మూయలేరు.

"సైటు తెరుచుకోవట్లేదు" అంది వైరక్క, కిందికెళ్ళి దుకాణంలో ఫోను అడిగి చూసొచ్చి. "సర్వర్ వాళ్ళకి చెప్పి అక్కడ కూడా ఆపించారు. దాచిన కాపీ తెచ్చి మళ్ళీ నిలబెట్టాలంటే ఎంత లేదన్నా రెండ్రోజులు."

"రెండ్రోజులకి వాచ్‌మన్ జైల్లో ఉంటాడు" అన్నాను.

"అసలు వీళ్ళకెలా తెలిసింది? మనం ముగ్గురం, బతికి బయటపడ్డ ఆ ఆడవాళ్ళు. బయటివాళ్ళెవరూ చదవలేదు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిన్న మేనేజర్‌కి వినిపించాను."

వైరక్క మెళ్ళో వైరు తీసి బల్ల మీద విసిరింది.

మా పత్రికకి ఒక నియమం ఉంది. కథనంలో ఎవరి గురించి రాస్తామో వాళ్ళ దగ్గరికెళ్ళి, ప్రచురించే ముందు మొదటి మాట నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపిస్తాం. చదువు రానివాళ్ళకి కూడా తమ గురించి ఏం రాశారో తెలియాలి. తప్పుంటే వాళ్ళు దిద్దుతారు, మేం మారుస్తాం. కానీ ఒక్కరి నోట విన్నదాన్ని నిజమని వెయ్యం. రెండో నోరు కావాలి. ఆరోపణ ఎవరి మీద ఉందో వాళ్ళకి కూడా వినిపిస్తాం. లోకంలో ఇంకెవరూ ఈ పని చెయ్యరు.

"గొర్రెల కథ రాసి తోడేలుకి చదివి వినిపించారా?" అంది వైరక్క.

"వాళ్ళ సమాధానం కూడా వెయ్యాలి కదమ్మా."

"వచ్చిందిగా సమాధానం. గోనెసంచులేసుకుని మరీ వచ్చింది."

"వాళ్ళలా మనం కూడా చాటున రాస్తే వాళ్ళకీ మనకీ తేడా ఏంటి?"

"తేడా ఏంటంటే మాస్టారూ, వాళ్ళ కంప్యూటర్లు వాళ్ళ దగ్గరున్నాయి."

నవ్వు రాలేదు ఎవరికీ. నేను చెప్పులేసుకున్నాను. "పదండి. ఆ ఆడవాళ్ళకి మనమే చెప్పాలి. కథనం వస్తుందని ఎదురు చూస్తూ కూర్చుంటారు."

ఫ్యాక్టరీ వెనకే కంపెనీ కట్టించిన గదుల వరసలున్నాయి. ఒక్కో గదిలో ఒక కుటుంబం. పది గదులకి ఒక పంపు. ఉద్యోగం పోతే గది కూడా పోతుంది. అందుకే అక్కడ ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. మేం వెళ్ళేసరికి జిగురు గదిలో పనిచేసి బతికి బయటపడ్డవాళ్ళు పంపు దగ్గర బిందెలు పెట్టుకుని ఉన్నారు. అరచేతులకి అంటిన జిగురు ఎండి చేపపొలుసుల్లా లేస్తుంటే గోళ్ళతో గీరుకోవడం వాళ్ళకి అలవాటు.

"ఏంటమ్మా, మొహాలు వేలాడేసుకుని వచ్చారు?" అంది పెద్దక్క. ఆ వరసలో అందరికంటే పాత మనిషి ఆమె.

"కథనం పోయిందక్కా. పోలీసులు అన్నీ పట్టుకుపోయారు."

"ఎలా పోతుంది? మూడుసార్లు చదివి మా చెవులు తూట్లు పొడిచారుగా." బిందె కింద పెట్టి గొంతు సవరించుకుంది. "జిగురు గదికి రెండు తలుపులు. ఒకటి మనుషులు రావడానికి, ఒకటి గాలి రావడానికి. అదేనా మొదలు?"

నేను తలూపాను.

"ఆ తర్వాత పొగ నల్లగా ఉందని రాశావు" అంది పక్కనామె. "మేం ఒప్పుకోలేదు. పచ్చగా ఉంది పొగ. దిద్దించాం."

"డబ్బా మూత గురించి నా మాటలే వేశారు" అంది ఇంకొకామె. "అదంతా నేను చెబుతా, ఎవరూ మధ్యలో రాకండి."

ఒకళ్ళు వదిలిన చోట ఇంకొకళ్ళు అందుకున్నారు. మాస్టారు పంపు గట్టు మీద కూర్చుండిపోయారు.

అప్పుడు వాచ్‌మన్ భార్య వచ్చింది. ఆమె పనిచేసేది జిగురు గదిలో కాదు, అవతలి కొసనున్న ప్యాకింగ్‌లో. మంటల రోజు నుంచి ఈ పంపు దగ్గరికి రావడం మానేసింది. నీళ్ళు దూరంనుంచి మోసుకుంటోంది. చచ్చినవాళ్ళ అమ్మలు, చెల్లెళ్ళు ఇక్కడుంటారు కదా.

"ఇప్పుడు చెప్పారే, అదే అక్కడ చెప్పండి" అంది. "విచారణలో. సైటు మూసేస్తారు గానీ నోళ్ళు మూస్తారా?"

ఒకామె పంపు కింద ఇంకో బిందె పెట్టి తిప్పింది.

"నిన్న ఆయన్ని చూశాను. పిల్లల చదువు చూసుకుంటామన్నారు, నువ్వు గొడవ చెయ్యకు అన్నాడు. ఎవరన్నారు అంటే గోడ వైపు తిరిగాడు. నేను ఆ గదిలో లేను. మీరున్నారు. ఎవరు వెయ్యమంటే వేశాడు?"

"సూపర్‌వైజర్ అయ్యుండొచ్చు" అంది ఒకామె, నేల చూస్తూ.

"చచ్చినవాడి మీదికి తొయ్యకండమ్మా. మీవాళ్ళతో పాటే కాలిపోయాడు వాడు. తలుపు గుద్ది గుద్ది చేతులు విరగ్గొట్టుకున్నాడంట."

"వదినా, నువ్వు తేలిగ్గా చెబుతావు" అంది చంటిదాని తల్లి. ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. ఆ మంటల్లో ఆమె అక్క పోయింది. ఆమె మాత్రం కిటికీ ఊచలు వంచి బయటపడింది. "గది ఖాళీ చెయ్యమంటే నేనెక్కడికి పోను? వీళ్ళ పత్రికలో పడుకోనా?"

"నిన్నెవరు ఖాళీ చేయిస్తారు?"

"ఎవరైనా చేయిస్తారు. మేనేజర్ని తిట్టండి, కాదనను. అమ్మగారి జోలికి మాత్రం పోకండి. మొన్న కూడా వచ్చింది. మా అక్క ఫోటో దగ్గర కూర్చుని ఏడ్చింది. దీనికి పేరు పెట్టింది ఆమే, దుప్పటి ఇచ్చింది ఆమే."

"అమ్మగారి జోలికి ఎవరెళ్ళారు?" అంది వైరక్క. అమ్మగారంటే ఫ్యాక్టరీ యజమానురాలు.

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఎవరూ పంపు కట్టలేదు. నేను ఒక్కొక్క మొహమే చూశాను. ఎవరూ నా వైపు చూడలేదు. మూడుసార్లు కథనం వినిపించినప్పుడు కూడా ఒక్కచోటే ఇలా జరిగింది. 'వెయ్యమన్నది ఎవరో తెలియలేదు' అన్న వాక్యం దగ్గర. పొగ రంగు దిద్దినవాళ్ళు, మూత సైజు దిద్దినవాళ్ళు ఆ వాక్యం జోలికి రాలేదు.

పెద్దక్క వంగి పంపు కట్టింది. "రాసినంత వరకు చెబుదాం. అందులో ఎవరి పేరూ లేదు కదా. దానికీ భయమేనా?"

"రాసినంత వరకే" అంది చంటిదాని తల్లి.

"అంతవరకే."

ఫ్యాక్టరీ ఆవరణలో టెంటు వేశారు. బల్ల వెనక విచారణాధికారి, పక్కన కాగితాలతో గుమాస్తా. ఇంకో పక్క మెత్తని కుర్చీలో అమ్మగారు కూర్చుంది. ఆమె భర్త పోయాక ఫ్యాక్టరీ ఆమెదే. వయసు మళ్ళిన మనిషి, మాట నెమ్మది. లోపలికి వస్తున్న ప్రతి ఒక్కరినీ "బిడ్డకి జ్వరం తగ్గిందా, మీ ఆయన పనికెళ్తున్నాడా" అని పలకరిస్తోంది. వాచ్‌మన్‌ని ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నేల మీద కూర్చోబెట్టారు. భార్య వచ్చిందని తెలిసీ తలెత్తలేదు.

మేనేజర్ లేచి కంపెనీ తరఫున విచారం వెలిబుచ్చాడు. ప్రమాదం అన్నాడు. నిర్లక్ష్యం అన్నాడు. వేలు వాచ్‌మన్ వైపు చూపించాడు.

"కార్మికులు చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు విచారణాధికారి. లేదన్న జవాబు కోసం అప్పటికే పెన్ను మూత పెట్టబోతున్నాడు.

"ఉంది" అంది పెద్దక్క, లేచి నిలబడి. "జిగురు గదికి రెండు తలుపులు. ఒకటి మనుషులు రావడానికి, ఒకటి గాలి రావడానికి."

మేనేజర్ ఉలిక్కిపడ్డాడు. నిన్ననే విన్నాడు కదా. ఇన్‌స్పెక్టర్ చెవిలో ఏదో ఊదాడు.

"ఆపమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అది నిషేధించిన వ్యాసం."

"నిషేధించింది వెబ్‌సైటుని" అన్నారు మాస్టారు వెనకనుంచి. "ఆవిడ వెబ్‌సైటు కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. విచారణాధికారి విసుగ్గా చెయ్యి ఊపాడు. "సాక్షి ఏదో చెబుతోంది, చెప్పనివ్వండి. తొందరగా కానివ్వమ్మా."

తొందరగా కాలేదు. మాది పొడుగు కథనం. పెద్దక్క ఆపిన చోట పక్కనామె అందుకుంది. జిగురులో కలిపే మందు వాసనకి కళ్ళెలా మండుతాయో, మధ్యాహ్నానికి తలెలా తిరుగుతుందో, ఊపిరాడక వెనక తలుపు తీసి వంతులవారీగా ఎలా నిలబడేవాళ్ళో చెప్పారు. తలుపు తీస్తే దుమ్ము లేచి తడి జిగురు మీద పడుతుంది. దుమ్ము పడిన బూటు ఊడిపోతుంది. ఊడిన బూటు వెనక్కి వస్తుంది. అందుకని తలుపుకి తాళం. వాళ్ళు చెబుతుంటే నేను రాసిన మాటలు నావి కాకుండా పోయాయి. అలా పోవడమే బాగుంది.

కటింగ్ గదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. మగవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒకడు గోడ దూకి టెంటులోకి వచ్చాడు, వాడి వెనక పదిమంది. మేనేజర్ "పనిలోకి పోండి" అన్నాడు. "మా వాళ్ళు మాట్లాడుతున్నారు, వినేసి పోతాం" అన్నాడు గోడ దూకినవాడు.

చివరి భాగం చంటిదాని తల్లిది. బిడ్డని పెద్దక్కకి ఇచ్చి లేచింది.

"పొగ పచ్చగా ఉంది. మా అక్క నా చెయ్యి పట్టుకుని వెనక తలుపు వైపు లాగింది. తలుపు రాలేదు. అవతల తాళం ఉంది. తాళం వేసింది వాచ్‌మన్." ఆగింది.

ఇంకొక్క వాక్యమే ఉంది. అది చెప్పి కూర్చుంటే అయిపోతుంది. గుమాస్తా అప్పుడే కాగితాలు సర్దుతున్నాడు. వాచ్‌మన్ భార్య టెంటు గుంజ పట్టుకుని నిలబడి ఉంది. అతను నేలనే చూస్తున్నాడు.

"చెప్పమ్మా, భయమెందుకు, నేనున్నాగా" అంది అమ్మగారు.

చంటిదాని తల్లి ఆమె వైపు చాలాసేపు చూసింది. తర్వాత మా వైపు తిరిగింది. "మాస్టారూ, దీని తర్వాత వాక్యం తప్పు. దిద్దాలి."

గుమాస్తా కాగితాలు సర్దడం ఆపాడు.

"ఒక్కరి మాట మీద దిద్దమమ్మా" అన్నారు మాస్టారు. "నీకు తెలుసు కదా. రెండో నోరు కావాలి."

"ఇప్పుడా మీ నియమాలు" అని వైరక్క పళ్ళు నూరింది. నాకూ ఆయన గొంతు నొక్కాలనిపించింది. ఆ ఒంటరి పిల్ల అందరి మధ్యా నిలబడి ఉంది. ఎవరూ లేవకపోతే రేపటికి ఆమె గదీ ఉండదు, పనీ ఉండదు.

చీపురుతో నేల ఊడ్చినట్టు ఒక చప్పుడైంది. జిగురు గది ఆడవాళ్ళు లేస్తున్నారు. వరస మొత్తం.

"నేనున్నాను రెండో నోరు" అంది పెద్దక్క, బిడ్డని భుజాన వేసుకుని.

"మూడోది నాది" అంది మూత సంగతి చెప్పినామె.

"కూర్చోండి, కూర్చోండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కొక్కళ్ళ పేరూ రాసుకుంటాను. తర్వాత బాధపడతారు."

"రాసుకోండి బాబూ, అందరివీ రాసుకోండి. ఒక్కళ్ళని వదిలేస్తే ఊరుకోం."

విచారణాధికారి పెన్ను మూత మళ్ళీ తీశాడు. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. ఆ రోజు ఏం జరిగింది?"

"కొత్త డబ్బాలు తెరిచాం. ఘాటుకి ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు."

"వెనక తలుపు తీసి వాళ్ళని గాలికి కూర్చోబెట్టాం."

"అప్పుడే కొనేవాళ్ళని వెంటబెట్టుకుని గదిలోకి వచ్చారు. తలుపు తీసి ఉండడం చూశారు."

"దుమ్ము పడుతోంది, మూసెయ్యండి అన్నారు. ఊపిరాడట్లేదు అన్నాను. గాలి కావాలంటే ఇంటికెళ్ళి పీల్చుకో అన్నారు."

"సూపర్‌వైజర్ వద్దని బతిమాలాడు పాపం. జిగురు మంట అంటుకునే సరుకు, ఆ తలుపు ఉండాలన్నాడు."

"వాచ్‌మన్‌ని పిలిచారు. వీళ్ళు మళ్ళీ తీస్తారు, తాళం వేసి తాళంచెవి నాకివ్వు అన్నారు. అతను జంకాడు. రెండోసారి అన్నాక వేశాడు."

మేనేజర్ నిలబడి ఏదో అంటున్నాడు, కిటికీల దగ్గరి మగవాళ్ళ అరుపుల్లో అది వినబడలేదు. అమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. చంటిదాని తల్లినే చూస్తోంది, ఇంకా ఆ మెత్తని చూపుతోనే.

"అన్నారు, పిలిచారు అంటారేంటి అందరూ" అన్నాడు విచారణాధికారి. "ఎవరు? నాకు మనిషి కావాలి."

చంటిదాని తల్లి కుర్చీ ముందుకు నడిచింది. "నా బిడ్డకి పేరు పెట్టారు. మా అక్క కోసం ఏడ్చారు. ఆ కన్నీళ్ళు నిజమేనేమో, నాకు తెలీదు. తాళంచెవి మాత్రం మీ చేతిలోనే ఉంది." చెయ్యెత్తి చూపించింది. "అమ్మగారు."

"అమ్మగారే" అంది పెద్దక్క.

ఆ మాట వరస వెంట సాగింది. ఒక్కో నోట్లోంచి, వణికేవి కొన్ని, గట్టిగా కొన్ని. గోడ దూకి వచ్చిన మగవాళ్ళు దాన్ని అందుకున్నారు. కిటికీలు అందుకున్నాయి. గుమాస్తా రాయకుండా అధికారి మొహం చూశాడు.

"వాచ్‌మన్ ఒప్పుకున్నాడు కదా సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వాడి మాటే ముఖ్యం. ఏరా, నువ్వే కదా వేసింది?"

అందరూ ఆగారు. వాచ్‌మన్ భార్య జిగురు ఆడవాళ్ళ వరసలోకి నడిచి వెళ్ళి పెద్దక్క పక్కన నిలబడింది. ఆ జాగా వాళ్ళే జరిగి ఇచ్చారు. అతను తలెత్తి అది చూశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కానిస్టేబుల్ భుజం నొక్కుతున్నా లెక్కచెయ్యకుండా లేచి నిలబడ్డాడు.

"వేసింది నేనే సార్. ఆ పాపం నాదే, దానికి ఏ శిక్షైనా పడనివ్వండి. వెయ్యమన్నది ఎవరో కూడా రాయండి." మెత్తని కుర్చీ వైపు తిరిగాడు. "అమ్మగారు."